పెంపుడు కుక్క, పిల్లి ఆరోగ్యం: ఇంట్లో చేసే పరీక్ష మొదలు పశువైద్యుని గది దాకా సమగ్ర మార్గదర్శి

కుక్కనో పిల్లినో పెంచేవారు పదేపదే అడిగే ప్రశ్నలు మూడు. దానికి ఒంట్లో బాగాలేదని ఎలా పోల్చుకోవాలి? డాక్టరు దగ్గరకు ఎప్పుడు పరుగెత్తాలి? రాసిచ్చిన మందు దాని గొంతు దిగేలా ఎలా వేయాలి? ఈ మూడింటికీ జవాబు ఒకే చోట మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అది ఎలా ఉంటుందో ఇంట్లోవారికి అంకెలతో సహా తెలిసి ఉండాలి.

పశువైద్యుని బల్ల మీదికి ఎక్కేసరికి జంతువు బెదిరిపోతుంది. ఇంట్లో కుంటిన కుక్క అక్కడ చక్కగా నడుస్తుంది, రాత్రంతా దగ్గిన పిల్లి ఉలుకూ పలుకూ లేకుండా ముడుచుకుని కూర్చుంటుంది. అందువల్ల దాని తరఫున చెప్పవలసింది మీరే. మొదటి మూడు భాగాల్లోని పనులు అది ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేయండి. నాలుగో భాగాన్ని అవసరం రాకముందే ఒకసారి చదివి పెట్టుకోండి.

1. ముందుగా సమకూర్చుకోవలసినవి, అలవాటు చేయవలసినవి

కింది వస్తువులను ఒక పెట్టెలో పెట్టి, ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి.

- ఒక నోటుపుస్తకం. ఈ జాబితాలో అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చేది ఇదే.
- కొన వంగే డిజిటల్ థర్మామీటరు. దీన్ని జంతువుకే కేటాయించి, పైన చీటీ అంటించండి.
- సూది లేని సిరంజిలు: 1, 5, 10 మిల్లీలీటర్లవి.
- గాజుగుడ్డ, పుండుకు అతుక్కోని డ్రెస్సింగు, కట్టుగుడ్డ, కళ్లూ గాయాలూ కడగడానికి సెలైన్.
- సన్నని కొన ఉన్న ట్వీజరు, గోళ్ల కత్తెర, రక్తం ఆపే పొడి.
- పాత తువ్వాళ్లు రెండు.
- కుక్క మూతికి సరిపడే, నోరు తెరిచి రొప్పడానికి వీలిచ్చే మూతిబుట్ట.
- టీకాల కార్డు, మీ క్లినిక్ ఫోను నంబరు, రాత్రివేళ తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు.

వస్తువుల కంటే అలవాటు ముఖ్యం. రోజుకు ఒక్క నిమిషం చాలు. మొదట చెవిని తాకి వదిలేయండి. కొన్ని రోజుల తరువాత చెవి ఎత్తి చూడండి. ఆపైన పెదవి పైకి లేపండి, పాదం పట్టుకుని వేళ్ల మధ్య తడమండి. ప్రతిసారీ దానికి ఇష్టమైన తిండి చిన్న ముక్క పెట్టండి.

చాలామంది చెవిని మొదటిసారి తాకేది అది నొప్పి పెట్టిన రోజునే. అప్పుడు జంతువు కరుస్తుంది, ఆ తరువాత చేయి దగ్గరకు రానివ్వదు. ఇప్పటికే అలా జరిగి ఉంటే ఆ చెవి జోలికి పోకుండా భుజం దగ్గర తాకడంతో మొదలుపెట్టి, వారాల తరబడి కొంచెం కొంచెంగా పైకి రావాలి. ఇందులో దగ్గరిదారి లేదు.

మూతిబుట్టను కూడా ముందే అలవాటు చేయండి. లోపల తిండి పెట్టి, దానంతట అదే మూతి దూర్చేదాకా ఆగండి. ఎంత సాధువైన కుక్క అయినా నొప్పిలో కరవవచ్చు. అయితే వాంతులు చేసుకుంటున్న జంతువుకు, ఊపిరి అందక అవస్థపడుతున్న జంతువుకు మాత్రం మూతి కట్టకూడదు.

2. మామూలు అంకెలు రాసుకోవడం

ఊపిరి. ఒక్క అంకె మాత్రమే నేర్చుకోగలను అనేవారు దీన్నే నేర్చుకోండి. జంతువు గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కటెముకల వైపు చూడండి. ఛాతీ ఒకసారి లేచి పడితే ఒక ఊపిరి. 30 సెకన్లు లెక్కించి రెండుతో హెచ్చవేయండి. కుక్కకైనా పిల్లికైనా నిద్రలో ఇది సాధారణంగా నిమిషానికి 30 దాటదు. కలగంటూ కాళ్లు కొట్టుకుంటున్నప్పుడు, ఎండలో నుంచి వచ్చి రొప్పుతున్నప్పుడు, పిల్లి గుర్రుమంటున్నప్పుడు లెక్కించినది లెక్కలోకి రాదు.

వారం రోజులు రోజూ లెక్కిస్తే మీ జంతువు సొంత అంకె తెలుస్తుంది. గుండెజబ్బు ఉన్న జంతువుల్లో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం మొదలైందని తరచూ ముందుగా తెలిపేది ఈ నిద్రలోని ఊపిరే. ఎప్పుడూ 18 ఉండేది 28 అయితే 30 దాటలేదు కదా అని ఊరుకోవద్దు. గంట ఆగి మళ్లీ లెక్కించండి. అప్పటికీ తగ్గకపోతే ఫోను చేయండి.

నాడి. తొడ లోపలి వైపు, పైభాగంలో మధ్యగా రెండు వేళ్లు తేలికగా ఆనించండి. 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేయండి. విశ్రాంతిలో ఉన్న పెద్ద కుక్కల్లో నిమిషానికి 60 దరిదాపుల నుంచి చిన్న కుక్కల్లో 140 దాకా ఉండవచ్చు. పిల్లికి ఇంతకంటే వేగం ఎక్కువ, క్లినిక్‌లో భయపడితే 200 పైకీ పోతుంది. వేలు గట్టిగా నొక్కితే నాడి అందదు. కొత్తవారు చేసే పొరపాటు ఎక్కువగా ఇదే.

ఉష్ణోగ్రత. ముక్కు పొడిగా ఉందా తడిగా ఉందా అన్నదాన్ని బట్టి జ్వరం తెలియదు. నిద్రలేచిన ఆరోగ్యమైన కుక్క ముక్కు కూడా పొడిగానే ఉండవచ్చు. థర్మామీటరు కొనకు వ్యాసలీన్ రాసి, తోక పైకెత్తి, మలద్వారంలోకి రెండు సెంటీమీటర్ల మేర మెల్లగా జొనిపి, శబ్దం వచ్చేదాకా పట్టుకోండి. సుమారు 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా మామూలే. అంటే మనిషికి జ్వరం అనిపించే అంకె వీటికి ఆరోగ్యం. 103 దాటితే అరగంట నీడపట్టున పడుకోబెట్టి మళ్లీ చూడండి. 104 చేరినా 99 కంటే తగ్గినా వెంటనే క్లినిక్‌కు చెప్పాలి. పిల్లి పెనుగులాడితే ఈ పని మానుకోండి, ఆ అంకె కోసం గాట్లు పడనవసరం లేదు.

చిగుళ్లు. పై పెదవి ఎత్తి, కోరపంటి పైనున్న చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. కొన్ని కుక్కల చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. అలాంటప్పుడు కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడండి.

బరువు. చిన్న జంతువును ఎత్తుకుని తూకపు యంత్రం మీద నిలబడి, ఆ తరువాత మీ బరువు ఒక్కటే తూచి తీసివేయండి. నెలకు ఒకసారి, ఒకే యంత్రం మీద, తిండికి ముందు చూస్తే సరిపోతుంది. నాలుగు కిలోల పిల్లి నాలుగు వందల గ్రాములు తగ్గిందంటే పదోవంతు పోయినట్టే. మనిషి లెక్కలో అది అరవై కిలోల్లో ఆరు కిలోలు. ఎత్తుకున్నప్పుడు ఆ తేడా చేతికి తెలియదు కనుకనే తూకం అవసరం.

నీళ్లు. గిన్నెలో కొలిచి పోసి, మరునాడు అదే వేళకు మిగిలినవి కొలవండి. మూడు రోజుల సగటు రాసుకోండి. కుక్క రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లకు మించి, పిల్లి 50 మిల్లీలీటర్లకు మించి తాగుతుంటే మూత్రపిండాలు, మధుమేహం వంటి వాటి కోసం పరీక్ష చేయించవలసి ఉంటుంది. పొడి తిండి తినేది సహజంగానే ఎక్కువ తాగుతుంది కాబట్టి తిండి రకం కూడా పక్కన రాయండి.

3. వారానికొకసారి ముక్కు నుంచి తోక దాకా

దీనికి అయిదారు నిమిషాలు పడుతుంది. ఎప్పుడూ ఒకే వరుసలో చేస్తే ఏదీ మరచిపోరు.

- కళ్లు: రెండు కనుపాపలూ ఒకే పరిమాణంలో ఉన్నాయా, ఎరుపు, మసక, పసుపు పచ్చని స్రావం ఉన్నాయా?
- ముక్కు: ఒక రంధ్రం నుంచే కారుతోందా, రెండింటి నుంచీ కారుతోందా?
- నోరు: దుర్వాసన, విరిగిన పన్ను, చిగురు అంచున ఎర్రగీత, నాలుక కింద చుట్టుకున్న దారం.
- చెవులు: వాసన, గోధుమరంగు గుజ్జు, తల విదిలించడం.
- చర్మం: వెంట్రుకలకు ఎదురుగా వేళ్లు పోనిచ్చి గడ్డలు, పొక్కులు, పిడుదులు తడమండి.
- పొట్ట, పాల గ్రంథులు, గజ్జలు: కొత్త గట్టిదనం.
- పాదాలు: వేళ్ల మధ్య ముళ్లు, మెత్తలోకి వంగి పెరిగిన గోరు.
- తోక కింద: వాపు, అంటుకున్న మలం, బియ్యపు గింజల్లాంటి పురుగు ముక్కలు.

గడ్డ ఏదైనా కనబడితే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, తేదీ వేయండి. 'ముందు కంటే పెరిగినట్టుంది' అన్న మాటకూ, నెలలో ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లకు పెరిగిందన్న లెక్కకూ డాక్టరు నిర్ణయంలో చాలా తేడా ఉంటుంది.

చెవి శుభ్రం చేయడంలో తప్పులు ఎక్కువ. దూది పుల్ల లోపలికి పెడితే గుజ్జు బయటికి రాదు, ఇంకా లోతుకు పోతుంది. చెవి శుభ్రం చేసే ద్రవం నింపి, చెవి మొదలు దగ్గర పిసుకుతున్న చప్పుడు వినబడేలా అరనిమిషం మర్దన చేసి, జంతువును తల విదిలించనివ్వండి. బయటికి వచ్చిన దాన్ని దూదితో తుడవండి. నొప్పితో అరిచే చెవిలో, తల ఒక పక్కకు వాల్చిన జంతువు చెవిలో మాత్రం ఏదీ పోయవద్దు. లోపల కర్ణభేరి చిరిగి ఉంటే ఆ ద్రవమే హాని చేయవచ్చు.

పళ్లకు మనుషుల పేస్టు వాడకూడదు. మనలా అవి ఉమ్మివేయవు, పైగా కొన్ని పేస్టుల్లో కుక్కలకు విషమైన జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) ఉంటుంది. గోళ్ల విషయంలో, తెల్ల గోటి లోపల గులాబీ రంగు కనబడే చోటికి ముందే ఆగండి. నల్లగోరు అయితే రవ్వంత చొప్పున తీస్తూ, కోసిన ముఖం మధ్యలో చిన్న ముదురు చుక్క కనబడగానే ఆపండి. రక్తం వస్తే పొడి అద్ది రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టండి. మొక్కజొన్న పిండి అయినా పనిచేస్తుంది.

పిడుదును చర్మానికి ఆనుకుని ట్వీజరుతో పట్టి, నిలకడగా తిన్నగా లాగండి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం రెండూ తప్పే. చర్మం గాయపడుతుంది, పిడుదు మాత్రం తొందరగా ఊడదు.

4. పరుగెత్తాలా, ఫోను చేయాలా, ఆగి చూడాలా?

కింది వాటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగవద్దు.

- నోరు తెరిచి ఊపిరి తీసుకుంటున్న పిల్లి. కుక్క రొప్పడం మామూలే, పిల్లి రొప్పడం చాలావరకు ప్రమాద సూచనే.
- మగపిల్లి పదేపదే ఇసుక తొట్టిలో కూర్చుని ముక్కడం, మూత్రం రాకపోవడం.
- కుక్క పొట్ట ఉబ్బి బిగుసుకోవడం, ఏమీ బయటికి రాకుండా వాంతికి యత్నించడం.
- తెల్లబారిన లేదా నీలంగా మారిన చిగుళ్లు, కుప్పకూలడం.
- అయిదు నిమిషాలు దాటిన మూర్ఛ, లేదా ఒకే రోజున మళ్లీ మళ్లీ వచ్చే మూర్ఛ.
- ఆగని రక్తస్రావం, వాహనం గుద్దడం, ఎత్తు నుంచి పడటం. పైకి గాయం లేకపోయినా వెళ్లాలి.
- కనుగుడ్డుకు దెబ్బ, అకస్మాత్తుగా చూపు పోవడం.
- విషపదార్థం తిన్న అనుమానం.

మగపిల్లి విషయం విడిగా చెప్పాలి. ఇంట్లోవారు మలబద్ధకం అనుకుని ఒక రోజు ఆగడం క్లినిక్‌లలో పనిచేసేవారికి బాగా తెలిసిన కథ. మూత్రనాళం పూర్తిగా మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగిపోవచ్చు. అది తొట్టిలో కూర్చుని ముక్కుతుంటే ముందు తడి ఇసుక ఉందా లేదా చూడండి, మలం సంగతి తరువాత.

వడదెబ్బ తగిలిన కుక్కను బండి ఎక్కించే ముందే చల్లబరచడం మొదలుపెట్టాలి. నీడలోకి చేర్చి, ఒళ్లంతా చల్లని నీళ్లు పోస్తూ గాలి తగిలేలా చేయండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది కాసేపటికే వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది.

విషం విషయంలో ఈ పేర్లు గుర్తుంచుకోండి: చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ ఉన్న తీపి పదార్థాలు, ఎలుకల మందు, వాహనాల ఇంజన్లలో పోసే యాంటీఫ్రీజ్. పిల్లులకు వీటితో పాటు లిల్లీ పూలు కూడా. వాటి పుప్పొడి ఒంటికి అంటి నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. ఆ ఉప్పే ప్రాణం తీయగలదు. తిన్నదాని పొట్లం లేదా డబ్బా చేతపట్టుకుని, ఎంత తిన్నదో ఎప్పుడు తిన్నదో అంచనా వేసుకుని బయలుదేరండి. దారిలో ఫోను చేయండి.

మనుషుల మందులు సొంతంగా వేయవద్దు. ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లిని చంపగలదు. ఇబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను పాడుచేస్తుంది. కుక్కల పిడుదుల మందుల్లో కొన్నిటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకం. కుక్కకు కొన్న మందులో సగం పిల్లికి రాయడం పొదుపు కాదు, పెద్ద ప్రమాదం.

అదే రోజున ఫోను చేయవలసినవి వేరు: ఒక రోజుకు మించిన వాంతులు లేదా విరేచనాలు, రక్తం కలిసిన మలం, కాలు మోపకపోవడం, దగ్గు, తిండి మానేయడం. పిల్లి, ముఖ్యంగా లావుపాటి పిల్లి, రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వు కాలేయంలో పేరుకుని అదే పెద్ద జబ్బవుతుంది. కూనల విషయంలో, ముసలి జంతువుల విషయంలో ఈ గడువులన్నీ సగానికి తగ్గించుకోండి.

ఒకసారి వాంతి చేసుకుని, ఆ తరువాత హుషారుగా ఆడుతూ నీళ్లు తాగుతున్న పెద్ద కుక్కను ఒక పూట గమనించవచ్చు.

5. క్లినిక్‌కు బయలుదేరే ముందు

చెప్పవలసినది కాగితం మీద ఉండాలి. గదిలోకి వెళ్లాక కంగారులో సగం మరచిపోతారు.

- ఏమి జరిగింది, ఎప్పుడు మొదలైంది, పెరుగుతోందా, తగ్గుతోందా?
- తిండి, నీళ్లు, మూత్రం, మలం: మామూలుతో పోలిస్తే ఎంత తేడా?
- తిండి పేరు, రోజుకు ఎంత, చిరుతిండ్లతో సహా.
- వాడుతున్న మందులు, మోతాదు, చివరిసారి వేసిన వేళ. ఇంట్లో మీరే వేసినవి కూడా దాచకుండా రాయండి.
- పాత జబ్బులు, ఆపరేషన్లు, పడని మందులు.
- నోటుపుస్తకంలోని అంకెలు.

వాంతి అని మీరు చెప్పేది నిజంగా వాంతేనా అన్నది కూడా గమనించండి. కడుపు ఎగదోస్తూ, చొంగ కారుస్తూ బయటికి వస్తే వాంతి. తల వంచగానే ప్రయాస లేకుండా అరగని తిండి గొట్టంలాంటి ఆకారంలో జారిపడితే అది అన్నవాహిక దగ్గరి సమస్య. రెండింటికీ పరీక్షలు వేరు. పిల్లి నేలకు కరుచుకుని మెడ చాచి గొరగొరమంటే వెంట్రుకల ఉండ అనుకుంటారు. ఏ ఉండా బయటపడకుండా అలా తరచూ జరుగుతుంటే ఉబ్బసపు దగ్గు కావచ్చు. ఇలాంటివి మాటల్లో చెప్పడం కష్టం. ఫోనుతో అరనిమిషం వీడియో తీయండి. కుంటడం, మూర్ఛ, వింత శబ్దాలు, అన్నిటికీ ఇదే పద్ధతి.

మలం పరీక్షకు తాజాగా వేసిన దానిలోంచి చెంచాడు, మట్టి అంటని పైభాగం, మూత ఉన్న డబ్బాలో తీసుకోండి. మూత్రం ఉదయం మొదటిసారి పోసేటప్పుడు, ధార మధ్యలో, శుభ్రమైన లోతులేని గిన్నెలో పట్టండి. వెంటనే వెళ్లలేకపోతే రెండింటినీ ఫ్రిజ్‌లో ఉంచి కొన్ని గంటల్లోగా అందించండి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

పొద్దున తిండి పెట్టాలా వద్దా అన్నది ఫోనులోనే అడగండి. మత్తు ఇచ్చే పని ఉంటే ఎంతసేపు ఖాళీ కడుపుతో ఉంచాలో క్లినిక్ చెబుతుంది. కూనలనూ మధుమేహం ఉన్నవాటినీ సొంత నిర్ణయంతో పస్తు ఉంచడం ప్రమాదకరం.

6. ప్రయాణం, ఎదురుచూపు

క్యారియర్ (పిల్లిని మోసుకెళ్లే పెట్టె) కనబడగానే పిల్లి మంచం కిందికి దూరుతుందంటే, ఆ పెట్టె ఆసుపత్రికి వెళ్లే రోజున మాత్రమే అటక దిగుతోందని అర్థం. క్యారియర్‌ను ఏడాది పొడవునా గదిలోనే తలుపు తీసి ఉంచండి. లోపల దాని పడక గుడ్డ వేయండి, అప్పుడప్పుడు తిండి అక్కడే పెట్టండి. పైమూత ఊడే రకం ఉత్తమం. లాగి బయటికి తీయకుండా కింది భాగంలో కూర్చోబెట్టే పరీక్ష చేయవచ్చు.

కారులో క్యారియర్ కదలకుండా నేల మీద ఇరికించండి. పైన తువ్వాలు కప్పండి. క్లినిక్‌లో దాన్ని ఎత్తుగా ఉన్న చోట పెట్టి, ముఖం కుక్కల వైపు లేకుండా తిప్పండి. కుక్కను పొట్టి తాడుతో పక్కనే కూర్చోబెట్టండి. మీది స్నేహశీలి కావచ్చు, ఎదుటిది నొప్పితో వచ్చింది. దగ్గు, విరేచనాలు ఉన్న జంతువును, టీకాలు పూర్తికాని కూనను వాహనంలోనే ఉంచి ముందు మీరు ఒక్కరే వెళ్లి చెప్పండి. క్లినిక్ సిబ్బంది ఇందుకు ఎప్పుడూ విసుక్కోరు.

మీ వంతు వెనక్కి జరిగి, తరువాత వచ్చిన వారిని లోపలికి తీసుకుపోతే అక్కడ ఊపిరి అందని ప్రాణి ఒకటి ఉందని అనుకోండి. వరుసను నిర్ణయించేది వచ్చిన వేళ కాదు, ప్రమాదపు తీవ్రత.

7. డాక్టరు గదిలో

రాసుకున్నది వరుసగా చెప్పండి. రోగం పేరు మీరు చెప్పనక్కరలేదు, చూసినది చెబితే చాలు. 'గ్యాస్ పట్టింది' అన్నదానికంటే 'నిన్న సాయంత్రం నుంచి నాలుగుసార్లు పసుపు నురగ కక్కింది' అన్నది వంద రెట్లు నయం. మందు కొన్ని పూటలు వేయలేకపోయి ఉంటే మొహమాటం లేకుండా ఒప్పుకోండి. లేకుంటే పనిచేస్తున్న మందును పనిచేయడం లేదనుకుని మార్చే ప్రమాదం ఉంది.

డాక్టరు స్టెతస్కోపు పెట్టినప్పుడు మాట్లాడవద్దు, జంతువును తట్టవద్దు. పిల్లి గుర్రుమంటే గుండె చప్పుడు వినబడదు. పక్కన కుళాయి తిప్పి ఆ గుర్రును ఆపడం పశువైద్యుల పాత చిట్కా. గుర్రుమంటోంది కనుక సంతోషంగా ఉందనుకోకండి, నొప్పిలోనూ గుర్రుమంటాయి.

పట్టుకోవడం శిక్షణ పొందిన సిబ్బందికే వదిలేయండి. యజమానిని సొంత జంతువే కరవడం అరుదేమీ కాదు. బయటికి వచ్చే ముందు ఈ ప్రశ్నలకు జవాబు రాసుకోండి.

- ఈ మందు దేనికి, తిండికి ముందా తరువాతా, ఎన్ని రోజులు?
- ఎన్నాళ్లలో తేడా కనబడాలి? కనబడకపోతే ఏం చేయాలి?
- ఏ లక్షణం వస్తే వెంటనే తిరిగి రావాలి?
- మళ్లీ చూపించవలసిన తేదీ ఏది?

8. మందు వేసే పద్ధతి

మాత్ర, కుక్కకు. ముందు తిండిలో దాచి చూడండి. మూడు ముద్దలు సిద్ధం చేసుకోండి. మొదటిది ఖాళీది, రెండోదానిలో మాత్ర, మూడోది మళ్లీ ఖాళీది. మూడో ముద్ద కళ్లెదుటే కనబడుతుంటే రెండోది నమలకుండా మింగేస్తుంది. ఒప్పుకోకపోతే పై దవడను కోరపళ్ల వెనుక పట్టుకుని, ముక్కు కొంచెం పైకెత్తి, కింది దవడను వేలితో దించి, మాత్రను నాలుక వెనుక భాగాన మధ్యగా పెట్టండి. నోరు మూసి గొంతు కిందికి నిమరండి. నాలుకతో ముక్కు నాకితే మింగినట్టే.

మాత్ర, పిల్లికి. తువ్వాలులో తల మాత్రమే బయట ఉండేలా చుట్టండి. పద్ధతి అదే, కానీ అయిదు సెకన్లలో ముగించాలి. మింగిన తరువాత సిరంజితో అయిదారు మిల్లీలీటర్ల నీళ్లు నోటి పక్కనుంచి కొద్దికొద్దిగా పట్టండి, లేదా కొంచెం తడి తిండి పెట్టండి. ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు. పొడి మాత్ర పిల్లి అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేయవచ్చు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ విషయంలో ఇది బాగా తెలిసిన ప్రమాదం.

మాత్ర పొడి చేయాలనుకుంటే ముందు అడగండి. పైపూత ఉన్నవి కొన్ని నలిపితే పనిచేయవు. చేదుపొడి కలిపిన తిండిని ఒకసారి నోట పెట్టిన పిల్లి ఆ తిండినే శాశ్వతంగా మానేయవచ్చు.

ద్రవం. సిరంజి కొనను కోరపంటి వెనుక చెంప సందులో పెట్టి, అడ్డంగా, గుటక గుటకకూ ఆగుతూ నెట్టండి. తల ఆకాశం వైపు ఎత్తి గొంతులో గుమ్మరిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కంటి చుక్కలు. ఎదురుగా కాకుండా వెనుకనుంచి, తల మీదుగా చేయి తెచ్చి వేయండి. సీసా కొన కంటికి తగలకూడదు. రెండు రకాలుంటే మధ్య కనీసం అయిదు నిమిషాలు ఆగండి. చుక్కల మందూ ఆయింట్‌మెంటూ రెండూ ఉంటే ఆయింట్‌మెంటు చివర.

ఒక పూట మరచిపోతే తరువాతి పూట రెండింతలు వేయవద్దు. వేసిన వెంటనే వాంతి అయితే ఫోను చేసి అడిగాకే మళ్లీ వేయండి. మూడు రోజులకే బాగైనట్టు కనబడినా చెప్పిన రోజులు పూర్తి చేయండి.

9. టీకాలు, నులిపురుగుల మందు

కూనలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, కనీసం 16 వారాల వయసు దాకా టీకాలు వేస్తారు. ఇన్నిసార్లు ఎందుకంటే, తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు, అది ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో కూనకు ఒక్కో లెక్క. మధ్యలో ఆపేస్తే పార్వో (కుక్కపిల్లలకు తీవ్రమైన వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) వంటి వాటికి తలుపు తెరిచి ఉంచినట్టే. ఏడాదికి బూస్టర్ తప్పదు, ఆ తరువాతి గడువులు టీకాను బట్టి మారతాయి. రేబిస్ టీకా తేదీని మాత్రం దాటనివ్వకండి.

టీకా వేసిన తరువాత ఒకటి రెండు రోజులు మందకొడిగా ఉండటం సహజం. కొద్ది గంటల్లో ముఖం వాచినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, వాంతులైనా వెంటనే తిరిగి వెళ్లండి. అందుకే టీకాలు ఉదయం పూట వేయించడం నయం. పిల్లికి టీకా వేసిన చోట గడ్డ మూడు నెలలకు మించి ఉన్నా, రెండు సెంటీమీటర్లు దాటినా, నెల తరువాత కూడా పెరుగుతున్నా చూపించాలి.

నులిపురుగుల మందు కూనలకు రెండు వారాల వయసు నుంచే మొదలవుతుంది. మోతాదు బరువును బట్టే కాబట్టి వేసే రోజున తూచండి.

10. ఆపరేషన్ తరువాత ఇంట్లో

మొదటి రాత్రి జంతువు తూలుతుంది, మూలుగుతుంది. నేల మీదే పడక వేయండి, మెట్లూ సోఫాలూ అందనివ్వకండి. పూర్తిగా తెలివి వచ్చాక కొంచెం నీళ్లు, ఆ తరువాత మామూలులో సగం తిండి పెట్టండి.

మెడకు తగిలించిన కోన్ కాలర్‌ను జాలిపడి తీసేయడమే ఈ దశలో అన్నిటికంటే పెద్ద తప్పు. కుట్లు తెంపుకోవడానికి కుక్కకు రెండు నిమిషాలు చాలు. తిండి తినలేకపోతే గిన్నెను ఎత్తు మీద పెట్టండి, కాలర్ కంటే సన్నని గిన్నె వాడండి. అప్పటికీ తినకపోతే మీరు ఎదురుగా కూర్చుని ఉన్నంతసేపే తీసి, తినగానే తగిలించండి.

గాయాన్ని రోజూ ఒకే వెలుతురులో ఫొటో తీయండి. అంచులు దగ్గరగా, కొద్దిపాటి గులాబీ రంగులో ఉంటే సరే. కింది వాటికి ఫోను చేయాలి.

- రెండో రోజు తరువాత పెరిగే వాపు లేదా ఎరుపు.
- చీము, దుర్వాసన, కారుతున్న రక్తం.
- అంచులు విడిపోవడం.
- ఒక రోజు దాటినా తిండి ముట్టకపోవడం.

స్నానం, పరుగు, గెంతులు కుట్లు విప్పేదాకా వద్దు. సాధారణంగా 10 నుంచి 14 రోజుల మధ్య విప్పుతారు. కుట్లు విప్పిన రోజున కూడా కాలర్‌ను ఇంటికి తెచ్చుకుని, మరో రెండు రోజులు అందుబాటులో ఉంచండి. దారాలు లాగిన చోట దురద పుట్టి, మానిన గాయాన్ని నాకి రేపుకునేది తరచూ అప్పుడే.